ఆశ్వయుజం వెళ్ళాకే టమాటా నారు బయటకి

శివరాత్రికి మా ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా చుట్టాలే. శ్రీముఖలింగంలో కాపురం చేసే ఆడవాళ్ళకి ఆ వారం పది రోజులు ఎలా గడుస్తాయో నేను వేరే చెప్పక్కర్లేదు. జాగారానికి వచ్చేవాళ్ళు కొందరు, వంశధారలో చక్రతీర్థ స్నానాలకి వచ్చేవాళ్ళు కొందరు, ఒడిశా వైపు నుంచి వచ్చే మా అత్తగారి తరపు బంధువులు ఇంకొందరు. పొయ్యి మీద పెద్ద గిన్నె దిగదు. ఈసారి మాత్రం పప్పులోకి, పచ్చడిలోకి, చారులోకి టమాటాలు ఒక్కటి కూడా కొనలేదు. దొడ్లో ఉన్న ఇరవై రెండు మొక్కలే ఇంటిల్లిపాదికీ, వచ్చిన చుట్టాలకీ సరిపోయాయి.

మొక్కల్ని చూసి అందరూ ముచ్చటపడ్డారు. ఆ తర్వాత అందరూ ఒకటే మాట. "మేమూ వేశామమ్మా, మాకు రాలేదు." మా తోటికోడలు విజయనగరంలో డాబా మీద దసరాకి పెడితే వారానికే నారంతా కుళ్ళిపోయిందట. ఇంకొకావిడ మార్చిలో పెట్టిందట. మొక్క మనిషెత్తు పెరిగింది కానీ పిందె లేదట. మా ఆయన పెదనాన్నగారు అరుగు మీద కూర్చుని తీర్పు చెప్పేశారు, "మన శ్రీకాకుళం నేల రామములక్కాయకి పనికిరాదు. అది మదనపల్లి పంట" అని.

పెద్దాయన ముందు నోరు ఎత్తలేదు కానీ నాకు ఒళ్ళు మండింది. తాంబూలంలోకి కూడా మా మొక్కలేం పనికొస్తాయని అడిగే మనిషి, అంతకు గంట ముందే రెండుసార్లు అడిగి మరీ పచ్చడి వేయించుకున్నారు. అక్కడ అనలేని మాట ఇక్కడ అంటున్నాను. నేలని తిట్టకండి. విత్తనాన్ని తిట్టకండి. మన చేతివాసిని అంతకంటే తిట్టుకోకండి. మనం చేసే తప్పు ఒక్కటే. నీడలో పెంచిన నారుని ఎప్పుడు బయట పెట్టాలో మన ఆకాశాన్ని చూసి తేల్చుకోకుండా ఇంకెవరి ఊరి లెక్కో పట్టుకుంటున్నాం.

మొదటి లెక్క అమెరికాది. మా ఆడపడుచు చికాగోలో ఉంటుంది. మార్చి వచ్చిందంటే వాళ్ళ ఇంటి కింద గదిలో ట్యూబులైట్ల కింద చిన్న చిన్న కప్పుల్లో టమాటా విత్తనాలు వేస్తుంది. ఫొటోలు మా ఫ్యామిలీ గ్రూపులో పెడుతుంది. "వదినా, నువ్వు మొదలెట్టావా?" అని అడుగుతుంది. ఆ నారుని మే నెల రెండో ఆదివారం, అంటే అక్కడి మదర్స్ డే దాటేదాకా బయట పెట్టదు. ఆ ముందు ఏ రాత్రైనా సున్నా డిగ్రీలకి దిగిపోవచ్చు. దిగిందంటే టమాటా ఆకు ఉడికిన తోటకూరలా నల్లబడి వాలిపోతుంది. అందుకని అక్కడి ఆడవాళ్ళందరూ ఆ చివరి మంచు ఎప్పుడు వెళ్తుందా అని కాచుకుని ఉంటారు. ఆమె లెక్క ఆమె ఊరికి నూటికి నూరుపాళ్ళు సరైన లెక్క.

మరి మన ఊరికో? చికాగోలో చలి పోయి మొక్క ఊపిరి పీల్చుకునే నెలలు మనకి రోహిణీ కార్తె నెలలు. ఫిబ్రవరిలో విత్తనం వేసి మార్చిలో నారు బయట పెడితే పూత వచ్చేసరికి ఏప్రిల్. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 24కి తగ్గని రోజుల్లో టమాటా పువ్వులో పుప్పొడి పనిచెయ్యదు. పువ్వు పూస్తుంది, కాడ దగ్గర పసుపురంగు తిరుగుతుంది, రాలిపోతుంది. మొక్కకి నీళ్ళు చాల్లేదేమో అని ఇంకో రెండు చెంబులు పోస్తాం. రాలుతూనే ఉంటుంది. పైగా ఎండలతోపాటు తెల్లదోమ పెరుగుతుంది, అది ముడత తెగులు మోసుకొస్తుంది. ఆకులన్నీ ముడుచుకుని మొక్క గిడసబారిపోతుంది. ఆ మొక్కకి పేడనీళ్ళు పోసినా, పుల్ల మజ్జిగ చల్లినా మళ్ళీ మామూలు ఆకు రాదు. ఎన్ని చేతులు, ఎన్ని బిందెలు, ఎంత నడుంనొప్పి ఆ మార్చి నారుకి పోశామో మా వీధిలో లెక్క తీస్తే ఒక బావి నిండుతుంది. ఇంతా చేసి "నాకు చేతకాలేదు" అనుకుంటాం చూడండి, నా కోపమంతా ఆ మాట మీదే.

రెండో లెక్క ధరది. 2023 జూలై ఎవరికి గుర్తులేదు? కిలో టమాటా వంద దాటి, నూట యాభై దాటి, కొన్నిచోట్ల రెండొందలు పలికింది. పప్పులో చింతపండు వేసి "ఈ రోజుకి ఇదే టమాటా పప్పు" అని వడ్డించాను. ఆ నెలలో సంతకి నారు కట్టలు ఎవరు తెచ్చినా పది నిమిషాల్లో అయిపోయేవి. నేనూ కొన్నాను, దాచుకోవడం ఎందుకు. జూలై వానల్లో నేల నానిపోయి ఉంటుంది. బురదలో నిలబడ్డ టమాటా మొక్కకి వడలు తెగులు వస్తుంది. పొద్దున్న పచ్చగా ఉన్న మొక్క మధ్యాహ్నానికి తల వాల్చేస్తుంది, సాయంత్రం కాస్త లేచినట్టు కనిపించి మన్ని మోసం చేస్తుంది, మూడోరోజుకి పీకి పారెయ్యాలి. పన్నెండు మొక్కలు పెడితే మూడు మిగిలాయి. అవి పిందె పట్టేలోపే సెప్టెంబరు వచ్చింది, బజార్లో ధర పడిపోయింది, అమ్మే దారి లేక రైతులు పంటని రోడ్ల పక్కన పారబోసుకున్నారు. ధర చూసి నారు పెడితే కాయ చేతికొచ్చేది ధర పోయాకే. ఇందులో ఇంతకుమించి చెప్పడానికి ఏమీ లేదు.

అసలు గొడవ మూడో లెక్కతో. దసరా లెక్క. ఎందుకంటే ఇది చూడ్డానికి సరిగ్గా ఉంటుంది. వానలు తగ్గాయి, ఎండ చల్లబడింది, విజయదశమి మంచి రోజు, నారుకి పాతిక రోజులు నిండాయి, నాలుగైదు ఆకులొచ్చాయి. హైదరాబాదు మిద్దెతోటల వీడియోల్లో కూడా ఇదే చెబుతారు. వాళ్ళు చెప్పేది వాళ్ళ ఊరికి చాలా ఏళ్ళు నడుస్తుంది, ఎక్కడో పీఠభూమి మీద ఉన్న ఊరు. అయినా 2020 అక్టోబరు 13 రాత్రి వాన వాళ్ళూ మర్చిపోయి ఉండరు. ఆ వాయుగుండం తీరం దాటింది మన కాకినాడ దగ్గరే.

2018లో మా అమ్మాయి నాలుగో తరగతి. బళ్ళో మొక్కల పాఠం చెప్పారని ఇంటికొచ్చి టమాటా విత్తనాలు వేస్తానంది. కొబ్బరి చిప్పల్లో, పెరుగు డబ్బాల్లో, పాల ప్యాకెట్లలో మొత్తం నలభై మొక్కలు చేసింది. వసారాలో వరసగా పెట్టి ప్రతి డబ్బాకీ ఒక పేరు రాసింది. క్లాసులో పిల్లల పేర్లే. హాజరు కూడా వేసేది. నవరాత్రులు మొదలైన రోజు అక్టోబరు 10. ఆ రోజు నారంతా దొడ్లోకి మార్చేద్దామని పట్టుపట్టింది. నేనూ సరేనన్నాను. ఫోన్లో చూశాను కదా, పాతిక రోజుల నారు బయట పెట్టెయ్యొచ్చని.

మా అత్త గుమ్మంలో నిలబడి చూసింది. "ఏటమ్మీ, అప్పుడే బయటెట్టేస్తన్నావు? ఆశ్వీజం ఎల్లనీ. గాలీ వానా ఏటో సూసుకుని అప్పుడెట్టు" అంది.

"అది పాత కాలం మాట అత్తా" అన్నాను. అన్నది నేనే. ఇవాళ ఈ మాట రాస్తుంటే సిగ్గుగానే ఉంది.

మర్నాడు, అంటే అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి గాలి హోరుకి తలుపు గడియ విరుగుతుందేమో అని మా ఆయనా మా మరిదీ తలుపుకి వీపు ఆనించి కూర్చున్నారు. తెల్లారి చూస్తే దొడ్లో మునగచెట్టు అడ్డంగా పడి ఉంది. డబ్బాలు ఎక్కడికి ఎగిరిపోయాయో తెలీదు. వాటిలో రెండు పక్కింటివాళ్ళ గడ్డివాములో దొరికాయి. కరెంటు చాలా రోజులు రాలేదు. ఉద్దానంలో ఇరవై ముప్పై ఏళ్ళు కొడుకుల్లా పెంచుకున్న కొబ్బరి, జీడి తోటలు ఒక్క రాత్రిలో నేలమట్టమైపోయాయి. వాళ్ళ కష్టం ముందు నలభై టమాటా మొక్కల గురించి చెప్పుకోవడం బాగోదు, నాకు తెలుసు. కానీ తొమ్మిదేళ్ళ పిల్లకి ఆ తేడా ఏం తెలుస్తుంది? బురదలో చేతులు పెట్టి పేరు పేరునా వెతికింది. ఒక్కటీ దొరకలేదు. "మామ్మ చెప్పింది కదా, నువ్వెందుకు వినలేదు?" అని నన్నే అడిగింది. నా దగ్గర సమాధానం లేదు.

ఆ తర్వాత మా అత్త మాట పాత కాలం మాటా కాదా అని నేనే ఒకసారి లెక్క చూసుకున్నాను. 2013లో ఫైలిన్, గోపాల్‌పూర్ దగ్గర, అక్టోబరు 12. 2014లో హుద్‌హుద్, విశాఖ మీద, మళ్ళీ అక్టోబరు 12. 2018లో తిత్లీ, అక్టోబరు 11. పంచాంగం తిరగేస్తే మూడూ ఆశ్వయుజ మాసంలోనే పడ్డాయి. 2021లో గులాబ్ కళింగపట్నం దగ్గర దాటింది సెప్టెంబరు 26న, భాద్రపదంలో. 2025లో సరిగ్గా దసరా రోజున, అక్టోబరు 2న, వాయుగుండం గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మా ఊరి నుంచి సముద్రం కనపడకపోవచ్చు. గాలికి ఆ దూరం ఒక లెక్క కాదు. గాలి రాకపోయినా వాన వస్తుంది, వాన రాకపోయినా పైన ఒడిశా కొండల్లో పడ్డ వాన వంశధారలో దిగుతుంది.

చికాగోలో టమాటా శత్రువు చలి. మన దగ్గర గాలీ నీరూ. మా ఆడపడుచు చివరి మంచు కోసం కాచుకున్నట్టే మనం చివరి తుపాను కోసం కాచుకోవాలి. మా అత్త బడికెళ్ళలేదు. ఈ ముక్క ఆవిడకి యాభై ఏళ్ళ నుంచి తెలుసు. ఫోనులో ఎవరో తెలియని మనిషి చెబితే నోట్సు రాసుకుంటాం. ఇంట్లో మనిషి గుమ్మంలో నిలబడి చెబితే చాదస్తం అంటాం.

ఇక్కడ మా ఆయన అభ్యంతరం చెప్పకపోతే అన్యాయం అవుతుంది. "మీ అత్తాకోడళ్ళ ఆశ్వయుజం లెక్క కూడా తప్పే. మొన్న మొంథా ఎప్పుడొచ్చింది?" అన్నారు. నిజమే. 2025లో దీపావళి అక్టోబరు 20నే వచ్చేసింది. ఆశ్వయుజం వెళ్ళిపోయింది కదా అని నాగులచవితి రోజు, 25న, పుట్టలో పాలు పోసి వచ్చి నారు బయట పెడదామనుకున్నాను. గొయ్యిలు కూడా తీశాను. మూడు రోజులకి, 28 రాత్రి, మొంథా నరసాపురం వైపు తీరం దాటింది. మనకి గాలి తప్పింది కానీ వాన తప్పలేదు. గొయ్యిలన్నీ నీటిగుంటలు అయిపోయాయి. నారు ఇంకా వసారాలోనే ఉంది కాబట్టి బతికింది. దాన్ని ఆపింది కూడా మా అత్తే. ఆ ముందు రోజు చీమలు గుడ్లు నోట కరుచుకుని గోడ ఎక్కుతున్నాయని చూపించింది.

కాబట్టి ఆయన మాట ఒప్పుకున్నాను. పండగ ఒక ఏడాది ముందుకొస్తుంది, ఒక ఏడాది వెనక్కెళ్తుంది. బంగాళాఖాతానికి అధికమాసం పట్టదు. దీపావళి నవంబరులో వచ్చిన ఏడాది దీపావళి దాటాక. అక్టోబరులోనే వచ్చేస్తే నవంబరు మొదటి వారం దాకా ఆగి. మేం 2025లో కార్తీక పౌర్ణమి వెళ్ళిన మర్నాడు, నవంబరు 6న బయట పెట్టాం. ఆ తర్వాత కూడా తుపాన్లు రావా అంటే వస్తాయి. నవంబరు, డిసెంబరుల్లో వచ్చేవి ఎక్కువగా దక్షిణానికి, నెల్లూరు, తమిళనాడు వైపు తిరుగుతాయి. 2023లో మిచాంగ్ డిసెంబరు 5న బాపట్ల దగ్గర దాటినప్పుడు ఇక్కడ మబ్బూ ముసురూ పట్టాయి. కానీ అప్పటికి నెల రోజులు నేలలో పాతుకుని, కర్రకి కట్టి ఉన్న మొక్క తట్టుకుంది. నిన్న పెట్టిన నారు తట్టుకోదు. తేడా అంతా అక్కడే ఉంది.

"మరి రైతులు అక్టోబరులో నాటట్లేదా?" అని మా తోటికోడలు అడిగింది. నాటుతారు. వాళ్ళకి నీరు దిగిపోయే బోదెలున్నాయి, వేల మొక్కలున్నాయి, పోతే మళ్ళీ వేసుకోడానికి మడిలో ఇంకా నారుంది. అయినా నష్టపోతూనే ఉంటారు పాపం. మన దగ్గర ఉన్నవి ఇరవై డబ్బాలు. ఇరవైకి ఇరవై బతకాలి. వాళ్ళ లెక్క మనకి ఎలా సరిపోతుంది?

దసరా మంచి రోజు కాదని నేను అనట్లేదు. దసరాకి చెయ్యాల్సిన పని ఉంది. విత్తనం వెయ్యాలి, వసారాలో. అక్టోబరు మొదటి వారంలో వేస్తే నవంబరు మొదటి వారానికి నెల నారు చేతిలో ఉంటుంది. మా అత్త నాటు కాయ గింజల్ని బూడిదలో రుద్ది, నీడలో ఆరబెట్టి, గుడ్డ మూటలో దాస్తుంది. ఏటి ఇసక ఒక వంతు, ఎర్రమట్టి ఒక వంతు, బాగా మాగిన గత్తం ఒక వంతు. పచ్చి గత్తం వేస్తే నారు మాడిపోతుంది. మొలక వచ్చేదాకా తడిపిన గోనెసంచి కప్పితే వారం లోపు తల ఎత్తుతుంది. ఆ తర్వాత నీళ్ళు చేత్తో చిలకరించాలి తప్ప చెంబుతో పొయ్యకూడదు. మొదలు దగ్గర దారంలా సన్నబడి నారు పడిపోయిందంటే అది నీళ్ళు ఎక్కువైన జబ్బు, నారుకుళ్ళు. విజయనగరంలో డాబా మీద మా తోటికోడలి నారుకి వచ్చింది అదే. బయట పెట్టాక వారం రోజులూ ముసురు పట్టిందని తనే చెప్పింది.

రోజు కుదిరింది కదా అని ఒక్కసారిగా ఎండలో పెట్టెయ్యకండి. ఇది నేను చేసిన ఇంకో ఘనకార్యం. తిత్లీ మరుసటి ఏడు నవంబరు దాకా బుద్ధిగా ఆగాను. ఆగి, మంచి ఎండ కాసిన రోజు మధ్యాహ్నం పన్నెండింటికి నారు మొత్తం డాబా ఎక్కించాను. సాయంత్రానికి ఆకులు కాగితంలా తెల్లబడిపోయాయి. నీడలో పెరిగిన ఆకుకి ఎండ తెలీదు. ఈ సంగతిలో మాత్రం మా ఆడపడుచు చెప్పేది అక్షరాలా వినండి. వాళ్ళు మే నెలలో వారం పది రోజులు నారుకి బయట గాలి అలవాటు చేస్తారు. మొదటి రోజు ఒక గంట, మర్నాడు రెండు గంటలు. మనకి తూర్పు వైపు వసారా ఉంటే చాలు. పొద్దుటి ఎండ పడేచోట పెట్టి తొమ్మిదింటికి లోపలికి లాగెయ్యాలి. రోజూ ఇంకో గంట పెంచుకుంటూ పోతే ఎనిమిదో రోజుకి రోజంతా బయట ఉన్నా వాడదు. ఆ వారంలో నీళ్ళు కొంచెం తగ్గించాలి, కాడ గట్టిపడుతుంది. అబ్బా, రోజూ ఇరవై డబ్బాలు బయటకీ లోపలికీ ఎవరు మోస్తారు అంటారేమో. పాత చాటలోనో, బేసిన్‌లోనో పేరిస్తే రెండు సార్లు తిరిగితే అయిపోతుంది. మా ఇంట్లో ఆ పని మా ఆయనది. మార్కెట్ ధర గురించి మాట్లాడే మనిషి ఆ మాత్రం మొయ్యాలి.

నాటడం సాయంత్రం పూటే. కింది ఆకులు తుంచి కాడ సగం దాకా మట్టిలోకి దించెయ్యండి. టమాటాకి ఆ కాడ నుంచి కూడా వేళ్ళు వస్తాయి, గాలికి గట్టిగా నిలబడుతుంది. మొక్క పెట్టిన రోజే సరుగుడు కర్రో వెదురు ముక్కో పాతెయ్యాలి. తర్వాత పాతితే వేళ్ళు తెగుతాయి. మూడు రోజులు కొబ్బరి మట్ట అడ్డం పెడితే చాలు. రెండు నెలలు దాటేసరికి, అంటే సంక్రాంతికి, మొదటి కాయ రంగు తిరుగుతుంది. శివరాత్రికి నిండుగా ఉంటుంది. ఉగాది పచ్చడి అయ్యాక ఎండలు ముదురుతాయి, అప్పుడు పీకేసినా బాధ ఉండదు.

మరీ ఆలస్యం చేస్తే ఏమవుతుందని కూడా అడిగారు. డిసెంబరు సగం దాటాక పెడితే కాయ పట్టే రోజులు తగ్గిపోతాయి, ఎండలు వచ్చి పడతాయి. కాబట్టి ఆగమన్నాను కదా అని సంక్రాంతి దాకా ఆగకండి. కార్తీకమే మన నెల.

ఇదంతా చదివి "పిల్లల్ని కూడా ఇలాగే అన్నమాట, టైము వచ్చేదాకా ఇంట్లో ఉంచుకోవాలి" అని ఎవరైనా కామెంటు పెడతారేమో. దయచేసి పెట్టకండి. మా అమ్మాయి ఇప్పుడు విశాఖలో ఇంటరు చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది. అది ఎప్పుడు బయటకి వెళ్ళాలో అదే చెప్పింది, మమ్మల్ని అడగలేదు. నేను రాస్తున్నది టమాటాల గురించే. శివరాత్రికి వచ్చినప్పుడు మొక్కల దగ్గరికి వెళ్ళి, "ఈసారి పేర్లు పెట్టలేదా మామ్మా?" అని మా అత్తనే అడిగింది. మా అత్త ఆ చివర కర్ర దగ్గర ఎర్రగా పండిన కాయ కోసి దాని చేతిలో పెట్టి, "ఇది తినీ. పేరు తరవాత సూద్దాం" అంది.

చుట్టాలు వెళ్ళిన మర్నాడు పక్కింటి కొత్త కోడలు ప్లాస్టిక్ ట్రే పట్టుకుని వచ్చింది. పెళ్ళై నాలుగు నెలలు కాలేదు. ఫోన్లో చూసి వేసిందట, పధ్నాలుగు మొక్కలు, చక్కగా ఉన్నాయి, వేలెడంత ఎత్తు. "అక్కా, వచ్చే ఆదివారం బయట పెట్టేస్తాను, బాగుంది కదా?" అంది. ముఖం చూస్తే దీపంలా వెలిగిపోతోంది. పైన రాసిందంతా ఆ అమ్మాయికి చెప్పాలి కదా. సగమే చెప్పాను. పూత రాలినా నీ చేతి తప్పు కాదు, ఏప్రిల్ తప్పు, అని ముందే చెప్పాను. మునగచెట్టు పోయిన చోట మళ్ళీ పెంచిన మునగ ఉంది, దాని తూర్పు పక్కన పెట్టుకోమన్నాను, మధ్యాహ్నం నీడ పడుతుంది. పైన కట్టుకోడానికి రెండు పాత నేత చీరలు ఇచ్చాను. దసరాకి మా అత్త గింజల మూటలోంచి ఒక పిడికెడు గింజలు ఇస్తానని మాట కూడా ఇచ్చాను.

పెదనాన్నగారు మాత్రం బస్సు ఎక్కుతూ మూడు కిలోలు సంచిలో వేయించుకున్నారు. మదనపల్లివి అని చెప్పి ఇచ్చాను.